కుండీ మట్టి: వేరు కోరేదేమిటి?

పోయినేడు శ్రావణమాసంలో మా చెల్లెలు పీస్ లిల్లీ కుండీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చింది. “రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నానక్కా. అయినా తల వాల్చేస్తోంది. ఇంకెన్ని పొయ్యాలి?” అని అడిగింది. బాల్కనీలో పాత పేపర్లు పరిచి, కుండీని పక్కకు వంచి మొక్కను మెల్లగా బయటికి తీశాం. చుట్టూ గోధుమరంగు కోకోపీట్. నడుమ మాత్రం, కొన్న రోజున మొక్కతో పాటు వచ్చిన నల్లటి బంకమట్టి ముద్ద అలాగే ఉంది. దాన్ని విడదీస్తే మురిక్కాలువ వాసన వేసింది. అందులోని వేర్లు గోధుమరంగుకు తిరిగిపోయాయి. ఒకదాన్ని పట్టి లాగితే పైతొక్క ఊడివచ్చి, లోపలి నారపోగు ఒక్కటే మిగిలింది. ముద్దను దాటి కోకోపీట్‌లోకి పాకిన నాలుగైదు వేర్లు మాత్రం తెల్లగా, గట్టిగా, లేత చివళ్ళతో ఉన్నాయి.

ఒకే కుండీ, ఒకే మొక్క, పోసింది ఒకే చెయ్యి. వేరు ఒకచోట కుళ్ళింది, రెండంగుళాల అవతల బతికింది. తేడా అంతా దాని చుట్టూ ఉన్న పదార్థంలోనే ఉంది. ఇంట్లో మొక్క చనిపోతే మనం ముందుగా ఎండను, ఎరువును, దిష్టిని, మన చేతిని అనుమానిస్తాం. కుండీలో మట్టిని చివరికి గాని తలచుకోం. అది మొదట చూడవలసిన సంగతి అని చెప్పడానికే ఈ వ్యాసం. ఏ మొక్కకు ఏ మట్టి అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబులేమిటి, వాటిలో మన ఇళ్ళకు, మన నీళ్ళకు, మన ఎండలకు నిలిచేవేవి అన్నది వరసగా చూద్దాం.

కుండీ చిన్న పొలం కాదు

వేరు నీళ్ళు తాగుతుందని అందరికీ తెలుసు. అది ఊపిరి కూడా పీలుస్తుందన్న సంగతి అంతగా గుర్తుండదు. ఆకు పగలు ఆక్సిజన్ వదులుతుంది గాని, వేరుకు రాత్రీ పగలూ ఆక్సిజన్ కావాలి. ఆ గాలి మట్టి రేణువుల మధ్య సందుల్లోంచి అందుతుంది. ఆ సందులు నీటితో నిండిపోతే గాలి దారి మూసుకుపోతుంది. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ మట్టిలోని సూక్ష్మజీవులు ముందే వాడేస్తాయి. ఊపిరాడని వేరు నీళ్ళను కూడా పైకి పంపలేదు. అందుకే నీళ్ళు ఎక్కువైన మొక్క, నీళ్ళు లేని మొక్క లాగే తలవాలుస్తుంది. మనం దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తాం. ఆ నీరసించిన వేరును పిథియం, ఫైటాఫ్తొరా జాతుల తెగుళ్ళు పట్టుకుంటాయి. చెల్లెలి కుండీలో జరిగింది ఇదే.

మరి మనీ ప్లాంట్ సీసా నీళ్ళలో ఏళ్ళతరబడి ఎలా బతుకుతోంది అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నీళ్ళలోనే పుట్టిన వేరు లోపల గాలి అరలు ఏర్పరచుకుని అందుకు తగ్గట్టుగా పెరుగుతుంది. సీసా నీటిలో కుళ్ళే పదార్థం దాదాపు ఉండదు, పైగా నీళ్ళు మారుస్తూ ఉంటాం. మట్టిలో పుట్టిన వేరును ఒక్కసారిగా బురదలో ముంచడం వేరే సంగతి.

నేల మీద పడ్డ నీటికి కిందికి పోవడానికి దారి ఉంటుంది. అడుగుమట్టి దాన్ని లాక్కుంటూనే ఉంటుంది. కుండీలో ఆ దారి అడుగున తెగిపోతుంది. ఎన్ని చిల్లులున్నా, నీరు కారడం ఆగిపోయాక కూడా అడుగున కొంత మందాన మట్టి పూర్తిగా తడిసి నిలుస్తుంది. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి, అరచేతి మీద వెడల్పుగా పెట్టుకోండి. బొట్లు కారడం ఆగేదాకా ఆగి, దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, చిల్లులు అవే, ఎత్తు మాత్రం మారింది. అడుగున నిలిచే తడి మందం కుండీ ఎత్తును బట్టి కాక, లోపలి పదార్థాన్ని బట్టి ఉంటుంది. కనుక లోతు తక్కువ కుండీలో ఆ తడిపొర ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది. అందంగా ఉందని కొనుక్కునే పళ్ళెంలాంటి కుండీకి మరింత గుల్లగా ఉండే మిశ్రమం కావాలి.

ఇక్కడే మన ఇళ్ళలో బాగా పాతుకుపోయిన అలవాటు ఒకటి చెప్పుకోవాలి. కుండీ అడుగున కంకర పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయని చెబుతారు. జరిగేది దానికి విరుద్ధం. సన్న సందుల్లోని నీరు, అవి పూర్తిగా నిండేదాకా పెద్ద సందుల్లోకి దిగదు. కాబట్టి తడిపొర కంకర మీదికి, అంటే వేర్లకు మరింత దగ్గరికి చేరుతుంది. మట్టి జారిపోకుండా చిల్లు మీద ఒక కుండపెంకు పెట్టడం మంచిదే. రెండంగుళాల కంకర మాత్రం వేరుకు దక్కాల్సిన చోటును తినేస్తుంది.

కుండీ మిశ్రమాలను పరీక్షించేవాళ్ళు అందుకే ముందుగా ఒక్క లెక్క చూస్తారు. నిండా తడిపి, నీరు దిగిపోయాక మిశ్రమం మొత్తంలో ఎంత వంతు గాలి మిగిలింది? సాధారణంగా అది 10 నుంచి 30 శాతం మధ్య ఉండాలంటారు. సన్నవేర్ల మొక్కలకు ఆ కింది అంచు సరిపోతుంది. లావువేర్ల వాటికి పై అంచు కావాలి. చెట్టు కొమ్మల మీద పెరిగే జాతులకు అదీ చాలదు.

ఒక్క మట్టా, మొక్కకో మట్టా?

ఈ చర్చ కొత్తది కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు తోటమాలులు ఒక్కో మొక్కకు ఒక్కో మిశ్రమం రహస్యంగా కలుపుకునేవారు. 1930ల్లో జాన్ ఇన్నెస్ హార్టికల్చరల్ ఇన్‌స్టిట్యూషన్‌లో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు ఇన్ని మిశ్రమాల అవసరం నిజంగా ఉందా అని పరీక్షలు చేశారు. తోటమట్టిని ఆవిరితో వేడిచేసి తెగుళ్ళను చంపి, దాన్ని 7 పాళ్ళు, పీట్ 3 పాళ్ళు, ముతక ఇసుక 2 పాళ్ళు కలిపితే చాలా మొక్కలకు సరిపోతుందని తేల్చారు. నారుకు వేరే పాళ్ళు పెట్టారు. జాన్ ఇన్నెస్ కంపోస్ట్ అన్న పేరు ఈనాటికీ అక్కడ సంచుల మీద కనిపిస్తుంది.

1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో వెలువరించిన కరదీపిక సన్న ఇసుక, పీట్‌లతో మిశ్రమాలను చెప్పింది. ఎక్కడా ఒకేలా దొరకని తోటమట్టిని పక్కన పెట్టింది. 1960ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బూడ్లీ, షెల్‌డ్రేక్ పీట్‌కు వర్మిక్యులైట్, పెర్లైట్ కలిపి తేలికైన మిశ్రమాలు తెచ్చారు. ఇవాళ ప్రపంచంలో సంచుల్లో అమ్మే పాటింగ్ మిక్సుల్లో ఎక్కువ భాగం ఈ వంశానివే. తరవాత పీట్ మీదే ప్రశ్న వచ్చింది. చలిదేశాల చిత్తడినేలల్లో పీట్ ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు మందాన పేరుకుంటుంది. తవ్వితే అందులో దాగిన కార్బన్ గాలిలోకి చేరుతుంది. దానికి బదులు వెతుకుతూ చాలామంది మన కొబ్బరిపొట్టు దగ్గరికి వచ్చారు.

ఈ చరిత్ర మొత్తంలో రెండు మొగ్గులు కనిపిస్తాయి. ఒకటి, అన్నిటికీ ఒకే మిశ్రమం చాలన్నది. రెండోది, మొక్కకో మిశ్రమం కావాలన్నది. నర్సరీ నడిపేవారికి మొదటిది మేలు. వాళ్ళ మొక్కలన్నీ ఒకే షేడ్‌నెట్ కింద, ఒకే పైపు నీటితో, ఒకే మనిషి చేతిలో పెరుగుతాయి. మన ఇంట్లో కలబంద కిటికీలోనూ, ఫెర్న్ బాత్‌రూమ్ పక్కనా, ఆర్కిడ్ బాల్కనీలోనూ ఉంటుంది. అయినా ఇరవై మొక్కలకు ఇరవై మిశ్రమాలు అక్కర్లేదు. నా అనుభవంలో ఒక ఇంటికి నాలుగైదు కుటుంబాలు చాలు. ఆ విభజన ఆకు అందాన్ని బట్టి చేస్తే కుదరదు, వేరు స్వభావాన్ని బట్టి చేయాలి. అంతకుముందు దినుసులు చూద్దాం.

మన చేతికందే దినుసులు

*మట్టి.* మన రెండు రాష్ట్రాల్లో మట్టి అంటే ఒకటి కాదు. తెలంగాణ చెల్కల్లోని ఎర్రమట్టి రాతి అరుగుదల నుంచి వచ్చింది, కొంత గరుకుగా ఉంటుంది, నీరు దిగనిస్తుంది. కుండీకి ఏదైనా మట్టి వాడాలంటే ముందు వరసలో నిలిచేది ఇదే. నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే మట్టి. పత్తికి వరమైన ఆ గుణమే కుండీలో ఉరి అవుతుంది. తడిలో గాలి ఉండదు, ఎండితే వేర్లను తెంపుతుంది. గోదావరి ఒండ్రు సారవంతమైనదే గాని, కుండీలో ఒంటరిగా పోస్తే గట్టిపడుతుంది.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి వచ్చే మొక్కల చుట్టూ అలాంటి బంకమట్టి ముద్ద ఉండటానికి కారణం ఉంది. లారీలో వందల కిలోమీటర్లు వెళ్ళే మొక్క వేరు కదలకుండా, ఎండిపోకుండా ఆ ముద్దే కాపాడుతుంది. ప్రయాణానికి అది సరైన మట్టి. ఇంటికి వచ్చాక మాత్రం దాని పని అయిపోయింది. దాన్ని అలాగే ఉంచి చుట్టూ కోకోపీట్ నింపితే రెండూ కలవవు. తరచూ నీళ్ళు పోస్తే లోపలి ముద్ద ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఒకసారి గట్టిగా ఎండిందా, పోసిన నీళ్ళు దాన్ని తాకకుండా పక్కనుంచి జారిపోతాయి. కొన్న మొక్కను వారం పదిరోజులు నీడలో కుదురుకోనిచ్చి, ముద్దను బకెట్ నీళ్ళలో నానబెట్టి, వేళ్ళతో మెత్తగా బయటిమట్టి వదిలించాలి. మూడోవంతు వదిలినా మేలే. తొలకరి పడ్డాక చేస్తే మొక్క తేలిగ్గా తట్టుకుంటుంది. నడివేసవిలో చేయకూడదు.

*ఇసుక.* ముతకగా ఉంటేనే పనికొస్తుంది. సన్న ఇసుకను బంకమట్టిలో కలిపితే గుల్లబారడానికి బదులు ఇటుకలా గట్టిపడుతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఇంటి పనికి తెచ్చిన రోబో శాండ్ మిగిలితే జల్లెడపట్టి, దుమ్మంతా కడిగి, పలుకు మాత్రం వాడుకోవచ్చు. లీటరు ఇసుక కిలోన్నర పైనే తూగుతుంది. బాల్కనీ గోడ మీద పెట్టే కుండీలకు ఆ బరువును గుర్తుంచుకోవాలి.

*కోకోపీట్.* కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక రాలే పొట్టు ఇది. కోనసీమ నుంచి పొల్లాచి దాకా ఒకప్పుడు గుట్టలుగా పడి ఉన్న పదార్థం ఇవాళ ఇటుకలుగా దేశాలు దాటుతోంది. ఐదు కిలోల దిమ్మ నానితే సుమారు 70 లీటర్లవుతుంది. నీటిని పట్టి ఉంచుతుంది, ఎండినా పీట్ కంటే తేలిగ్గా మళ్ళీ తడుస్తుంది. దాని చిక్కు ఉప్పుతో. కొబ్బరిపొట్టులో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. కడగని కోకోపీట్ అవి వదులుతూ, మొక్కకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియంలను తనలో పట్టేసుకుంటుంది. లేత ఆకులు ముడుచుకుపోవడానికి ఒక కారణం ఇదే. మూడుసార్లు నానబెట్టి పిండాలి. నీటి రంగు తేలికపడితే చాలనుకోవద్దు, ఆ రంగు వేరు, ఉప్పు వేరు. తాగునీటిని చూసే టీడీఎస్ పెన్ను ఇంట్లో ఉంటే పిండిన నీటిలో పెట్టి చూడండి. కుళాయి నీటి అంకెకు దగ్గరపడితే కడగడం పూర్తయినట్టు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క ఫెర్మెంటెడ్ కోకోపీట్ పేరుతో పులియబెట్టిన కోకోపీట్ పద్ధతిని కూడా రూపొందించింది.

*ఎరువు.* వానపాముల ఎరువు గాని, బాగా చివికిన పశువుల ఎరువు గాని మిశ్రమంలో ఐదోవంతుకు మించనక్కర్లేదు. బలం అని సగానికి సగం వేస్తే లవణాలు పెరుగుతాయి, మిశ్రమం మెత్తబడి కూరుకుపోతుంది, పైన చిన్న నల్లదోమలు ముసురుతాయి. పచ్చి రంపపుపొట్టు అసలు వద్దు. అది కుళ్ళేటప్పుడు మొక్కకు చెందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది.

*గుల్లబరిచేవి.* పెర్లైట్ అగ్నిపర్వతపు గాజురాయి. దాన్ని సుమారు 900 డిగ్రీల వేడికి గురిచేస్తే పేలాల్లా పొంగుతుంది. తేలిక, కుళ్ళదు, కానీ పోషకాలను పట్టి ఉంచదు. కలిపేముందు తడపాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. వర్మిక్యులైట్ అభ్రకం కుటుంబపు ఖనిజం, నీటినీ పోషకాలనూ పట్టి ఉంచుతుంది. నారుకు మేలు, కలబందకు అక్కర్లేదు. వీటికంటే చవకైనది మన ఊళ్ళలోనే ఉంది. వరిఊకను గాలి తగలనివ్వకుండా కాల్చిన నల్లటి ఊకబొగ్గు తేలికగా ఉంటుంది, ఆకారం చెడదు, నీరు దిగనిస్తుంది. మిల్లు దగ్గర దొరికే తెల్లబూడిద దీనికి బదులు కాదు. అది సన్నటి పొడి, క్షారగుణం ఎక్కువ, సందులన్నీ పూడ్చేస్తుంది. శనగగింజంత ఇటుకముక్కలు, కట్టెబొగ్గు, నానబెట్టి కడిగిన కొబ్బరిడొక్క ముక్కలు కూడా మంచి దినుసులే.

వేరును బట్టి కుటుంబాలు

కింది పాళ్ళన్నీ కొలతతో, అంటే మగ్గుతో గాని డబ్బాతో గాని కొలిచేవి. తూకంతో కాదు.

మొదటిది, నీళ్ళు దాచుకునే కుటుంబం. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, కలబంద, అడీనియం ఇందులోవి. స్నేక్ ప్లాంట్ మనకు మరీ పరాయిది కాదు, దాని దగ్గరి చుట్టమైన చాగ మన ఎండునేలల్లో దానంతటది మొలిచేదే. ఈ మొక్కలు ఆకులోనో దుంపలోనో నీళ్ళు నిలవ చేసుకుంటాయి కాబట్టి మట్టి నిలవ చేయనక్కర్లేదు. ముతక ఇసుక, ఇటుకపలుకు కలిపి 3 పాళ్ళు, ఎర్రమట్టి 1, వానపాముల ఎరువు 1. అడీనియానికి ఇంకో పాలు పలుకు పెంచాలి. అరేబియా, ఆఫ్రికాల ఎండు ప్రదేశాల్లో పుట్టిన ఆ దుంప మన వానాకాలంలో తడిమట్టిలో కూర్చుంటే వారంలో మెత్తబడుతుంది.

రెండోది, పాకే కుటుంబం. మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం, మాన్‌స్టెరా. అడవిలో ఇవి చెట్ల మొదళ్ళలో రాలిన ఆకుల మధ్య వేళ్ళూని, కాండం వెంట గాలివేర్లతో పైకి పాకుతాయి. ముతకగా, అదే సమయంలో కాస్త తడిగా ఉండే చోటు కావాలి. కోకోపీట్ 2, కొబ్బరిడొక్క ముక్కలు 2, ఎరువు 1, పెర్లైట్ లేదా ఊకబొగ్గు 1. మనీ ప్లాంట్ మాత్రం ఏ మట్టిలో పెట్టినా సర్దుకుపోతుంది. అది బతికిందని మిగతావాటినీ అదే మట్టిలో పెట్టడం పొరపాటు.

మూడోది, సన్నవేర్ల కుటుంబం. ఫెర్న్‌లు, కలాతియా, పీస్ లిల్లీ. వీటి వేర్లు లోతుకు పోవు, పూర్తిగా ఎండితే తిరిగి కోలుకోవడం కష్టం. కోకోపీట్ 3, ఎరువు 1, పెర్లైట్ 1. తడి ఎప్పుడూ ఉండాలి, బురద ఎప్పుడూ ఉండకూడదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో చెప్పేది ఆ ఒక్క పాలు పెర్లైటే.

నాలుగోది, కొమ్మల మీది కుటుంబం. ఆర్కిడ్లకు మట్టి అసలు వద్దు. మన మామిడిచెట్ల కొమ్మల మీద పెరిగే వాండాను చూడండి, దాని వేర్లు గాలిలోనే వేలాడుతుంటాయి. ఆ వేరు చుట్టూ స్పాంజిలాంటి తెల్లపొర ఉంటుంది. వాన పడగానే నీరు పీల్చి ఆకుపచ్చగా మారుతుంది, ఎండగానే వెండిరంగుకు తిరుగుతుంది. ఎప్పుడు నీళ్ళు పొయ్యాలో ఆ రంగే చెబుతుంది. కట్టెబొగ్గు, ఇటుకముక్కలు, కొబ్బరిడొక్క ముక్కలు చాలు. డెండ్రోబియంకు బొగ్గు, ఇటుక ఎక్కువగానూ, ఫెలినాప్సిస్‌కు డొక్క కాస్త ఎక్కువగానూ వేసుకోవచ్చు. డొక్క రెండేళ్ళలో చివికి మెత్తబడుతుంది, అప్పుడు మార్చాలి. ఆంథూరియం ఈ కుటుంబానికీ రెండోదానికీ నడుమ నిలుస్తుంది.

ఐదోది, నేలను మరవని కుటుంబం. తులసి, కరివేపాకు, మల్లె. వీటిని కోకోపీట్‌లోనే పెంచితే మొదట గుబురుగా వచ్చి, తరవాత నిలదొక్కుకోలేవు. ఎర్రమట్టి 2, చివికిన ఎరువు 1, కోకోపీట్ 1, ముతక ఇసుక లేదా ఊకబొగ్గు 1. తులసి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అపార్టుమెంటులో తులసి ఎండిపోతే ఇంటి ఇల్లాలు లోలోపల ఎంత నొచ్చుకుంటుందో నాకు తెలుసు. ఏదో అపశకునమని భయపడేవాళ్ళున్నారు. పూజ చేసి రోజూ చెంబు నీళ్ళు పోసే చిన్న కుండీలో, గట్టిపడ్డ మట్టిలో, ఎండ తగలని మూల ఉంచితే ఏ మొక్కా నిలవదు. మట్టిని గుల్లబరిచి, పెద్ద కుండీలోకి మార్చి, నాలుగైదు గంటల ఎండ తగలనిచ్చి, వెన్నులు ముదరకముందే తుంచితే తులసి నిండుగా ఉంటుంది. రోజూ నీళ్ళు పొయ్యడం మానలేం కాబట్టి, ఆ నీళ్ళను నిలవనివ్వని మట్టిని ఇవ్వడమే మార్గం.

నీళ్ళు, ఇల్లు, చెయ్యి

పాళ్ళు రాసిపెట్టుకోవడంతో పని పూర్తికాదు. ఈమధ్య మిశ్రమం ఎంత ముక్కలుముక్కలుగా ఉంటే అంత మంచిదనే మాట బాగా వినిపిస్తోంది. చలిదేశంలో, వెలుతురు తక్కువ గదిలో అది నిజమే. ఏప్రిల్‌లో హైదరాబాదు ఫ్లాటులో, ఫ్యాను కింద, ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే కుటుంబంలో అదే మిశ్రమం ఒక్కరోజులో ఎండిపోతుంది. అలాంటి ఇంట్లో కోకోపీట్ ఒక పాలు పెంచాలి. రోజూ నీళ్ళు పోస్తే గాని మనసొప్పని చెయ్యికి ఒక పాలు ఇటుకపలుకు పెంచాలి. కుమ్మరి చేసిన మట్టికుండీ పక్కల నుంచి కూడా తడిని వదులుతుంది, ప్లాస్టిక్‌దీ రంగు పూసినదీ వదలదు. కాబట్టి ఒకే మిశ్రమం ఈ రెండింటిలో రెండు రకాలుగా నడుస్తుంది.

కాల్చిన బంకమట్టి గోళీల్లో, పోషకాలు కలిపిన నీటితో పెంచే పద్ధతికీ ఇప్పుడు చాలామంది ఆకర్షితులవుతున్నారు. శుభ్రంగా ఉంటుంది, దోమలు రావు. అయితే గోళీలు తిండి పెట్టవు, ప్రతి పోషకాన్నీ మనమే కొలిచి ఇవ్వాలి. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో గోళీల మీద తెల్లటి లవణం పేరుకుంటుంది. తీరిక, మంచినీళ్ళు రెండూ ఉన్నవారికే ఇది నప్పుతుంది.

నీటి సంగతి మనకు మరీ ముఖ్యం. మన బోరునీళ్ళు చాలాచోట్ల గట్టినీళ్ళు. అవి నెలల తరబడి పోస్తే మిశ్రమం క్షారం వైపు జరిగి, ఇనుము అందక లేతాకులు పసుపు తిరుగుతాయి. ఆర్ఓ మెషిన్ వదిలే నీళ్ళు వృథా చేయకూడదని కుండీల్లో పోసేవారున్నారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ నీటిలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. వాటిని ఇల్లు తుడవడానికి వాడుకుని, మొక్కలకు వాననీళ్ళు పట్టిపెట్టడం మేలు. నల్లగొండ లాంటి చోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన చేటు మనందరికీ తెలుసు. కొన్ని మొక్కలకూ అది పడదు. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఆకు చివర్లు గోధుమరంగుకు మాడితే ఎండను నిందించే ముందు నీటిని అనుమానించాలి. అలాంటి మొక్కల మిశ్రమంలో సూపర్‌ఫాస్ఫేట్ వేయకూడదు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. మిశ్రమం మరీ ఆమ్లంగా లేకుండా కాస్త సున్నపుపొడి కలిపితే మొక్క ఫ్లోరైడ్‌ను తక్కువగా పీల్చుకుంటుంది.

సముద్రాలు దాటిన తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న కరివేపాకు రూపంలో ఎదురవుతుంది. అమెరికాలో చలికాలం రాగానే ఆ కుండీని ఇంట్లోకి చేరుస్తారు. వెలుతురు తగ్గి, మొక్క ఆకులు రాల్చి నిద్రకు ఉపక్రమిస్తుంది. అక్కడి సంచి మిశ్రమం ఎక్కువగా పీట్‌తో చేసింది, నీటిని రోజులతరబడి పట్టి ఉంచుతుంది. ఆకులు రాలుతున్నాయని కంగారుపడి నీళ్ళు పెంచితే వసంతానికి మొక్క మిగలదు. ఆ మిశ్రమంలో మూడోవంతు పెర్లైటో ముతకపలుకో ముందే కలిపి, చలికాలమంతా పైరెండంగుళాలు ఎండాకే నీళ్ళు పోస్తే, ఎంతో అపురూపంగా తెచ్చుకున్న ఆ మొక్క నిలుస్తుంది.

చేత్తో తేల్చుకోవడం

మిశ్రమం సరిగా కుదిరిందో లేదో మొక్క చెప్పేదాకా ఆగనక్కర్లేదు. లీటరు పట్టే ప్లాస్టిక్ డబ్బా అడుగున చిల్లులు పెట్టి, వాటికి టేపు అంటించండి. మిశ్రమాన్ని కుండీలో నింపినట్టే మామూలుగా నింపి, పైదాకా తడిసేలా మెల్లగా నీళ్ళు పొయ్యండి. కాసేపు నాననిచ్చి, కిందొక గిన్నె పెట్టి టేపు తియ్యండి. కారడం ఆగాక గిన్నెలో నీళ్ళు కొలవండి. 150 మిల్లీలీటర్లు దిగితే, ఆ మిశ్రమంలో గాలి చోటు 15 శాతం ఉన్నట్టు. ఫెర్న్‌కు అది చాలు. మాన్‌స్టెరాకు ఇంకొన్ని డొక్కముక్కలు కలపాలి. 50 మిల్లీలీటర్లే దిగితే ఆ మిశ్రమంలో ఏ ఇంటిమొక్కనూ పెట్టకూడదు.

ఈ సమీక్షలో చూసిన వాదాలన్నిటిలో ఎంతో కొంత నిజముంది. తోటమట్టి వాడినవారు బరువును, నిలకడను చూశారు. మట్టి వద్దన్నవారు తెగుళ్ళను, ఎప్పుడూ ఒకేలా ఉండే నాణ్యతను చూశారు. ముక్కల మిశ్రమం వారు గాలిని చూశారు. ఎవరి పాళ్ళు తీసుకున్నా, మూడు సంగతులు పక్కన పెట్టుకుని సరిచేసుకోవాలి. ఆ మొక్క వేరు ఎలాంటిది, కుండీ ఎంత లోతు, నీళ్ళు పోసే చెయ్యి ఎవరిది.

చెల్లెలి పీస్ లిల్లీకి కుళ్ళిన వేర్లన్నీ కత్తిరించాం. నాలుగు ఆకులు మాత్రం ఉంచి, మూడో కుటుంబపు మిశ్రమంలో, వేర్లకు సరిపడే చిన్నకుండీలోకి మార్చాం. కొత్తమట్టిలో పెట్టి, నిండా తడిపి, నీరు దిగిపోయాక కుండీని దాని చేతుల్లో పెట్టాను. “ఈ బరువు గుర్తుపెట్టుకో. రోజూ ఒకసారి ఎత్తి చూడు. తేలికయిందనిపించిన రోజే నీళ్ళు పొయ్యి” అన్నాను. మొదటి పదిరోజులు రోజూ ఫోన్ చేసింది. తరవాత ఫోన్లు తగ్గాయి. కార్తీకంలో వాళ్ళింటికి వెళ్ళేసరికి కొత్తగా మూడు ఆకులు విచ్చుకుని ఉన్నాయి. నేను కుండీని చూస్తూ ఉండగానే తను దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి, మళ్ళీ కింద పెట్టి, “ఇవాళ అక్కర్లేదక్కా, రేపు పోస్తా” అంది.